చిక్కటి బల్ల

ఆ వేసవి మూడు నెలలూ నేను మా అక్కయ్య గొంతు వంక చూస్తూ గడిపాను. ధ్యానానికి కళ్ళు మూసుకున్నా ఆ గొంతే ఎదుట నిలిచేది. ముద్ద దిగేటప్పుడు గొంతులోని ముడి ఒకసారి పైకి లేచి కిందికి జారాలి. లేచిందంటే బతికిపోయాం. లేవకపోతే చెంచా పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి, ఆమె ముఖం రంగు మారుతున్నదేమో చూడాలి.

మేమిద్దరం ఒకే వృద్ధాశ్రమంలో ఉండేవాళ్ళం. ఆమె గది కింద, నాది పైన. ఆమెకు ఎనభై ఒకటి, నాకు డెబ్బైనాలుగు. ఎండలు ముదరకముందే ఆమెకు పక్షవాతం వచ్చింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి తిరిగివచ్చేసరికి కుడిచెయ్యి స్వాధీనం తప్పింది. మాట ముద్దగా మారింది. పుట్టిననాడు ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్య, మింగడం, చేజారిపోయింది. మతి మాత్రం చెక్కుచెదరలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె కూతురికి తెలియదు. ఆ వేసవి కష్టమంతా అక్కడే ఉంది.

మింగడం తిరిగి నేర్పడానికి వారానికి రెండుసార్లు ఒక థెరపిస్టు వచ్చేది. నా మనవరాలి ఈడు పిల్ల. మొదటిరోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పింది. నలభై ఏళ్ళు బడిలో పద్యాలు చెప్పినవాణ్ణి, చేతులు కట్టుకుని విన్నాను.

"వీపు నిటారుగా ఉండాలి తాతగారూ. సగం చెంచా చాలు. గడ్డం గుండెకేసి వంచాక మింగించండి. ఒకసారి మింగాక, నోట్లో ఏమీ లేకపోయినా రెండోసారి మింగాలి. ఆ తర్వాత 'ఆ' అనిపించండి. గొంతులో నీళ్ళు కదిలినట్టు వినబడితే ఇక ఆపేయాలి."

"మంచినీళ్ళు ఎప్పుడివ్వాలమ్మా?"

"పలచటి నీళ్ళు అసలొద్దండీ. అన్నిటికన్నా ప్రమాదం అవే. జారిపోయి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొందరికి దగ్గు కూడా రాదు, మనకు తెలియనే తెలియదు. ఈ పొడి కలిపి, చిక్కబడ్డాక చెంచాతో ఇవ్వండి."

ప్రాణాధారమని జీవితమంతా నమస్కరించిన నీళ్ళే ప్రాణాంతకమని వినడం నాకు కొరుకుడు పడలేదు.

"ఇంకొక్కటి. ఇది అన్నిటికన్నా ముఖ్యం," అన్నది ఆ పిల్ల. "నోట్లో ముద్ద ఉండగా మాట వద్దు. మాటకీ ముద్దకీ మొదట దారి ఒకటే. మాట్లాడాలంటే ఊపిరి తలుపు తెరుచుకోవాలి. అది తెరుచుకుంటే ముద్ద అందులో పడుతుంది."

ఆ మాటనే ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి మంచం తలాపున అంటించింది.

మా మేనకోడలు, అక్కయ్య ఒక్కగానొక్క కూతురు, మందుల దుకాణం నడుపుతుంది. మాట తూచి ఇచ్చే మనిషి. ఆ సాయంత్రం వరండాలోకి పిలిచి చెప్పింది.

"డాక్టరు గారు గట్టిగా చెప్పారు మామయ్యా. బరువు ముప్పైఆరు కిలోలకు దిగినా, ఊపిరితిత్తులకు నెమ్ము చేరినా, పొట్టకు గొట్టం వేయించాల్సిందే. నేను సంతకం పెట్టాల్సిన కాగితం సంచీలోనే ఉంది."

"మీ అమ్మ వద్దంటోంది కదమ్మా. 'నోరుంది నాకు' అని నిన్న నాతో స్పష్టంగా అన్నది."

"మీకు స్పష్టం. నాకు మూలుగే వినబడుతుంది." ఆమె గొంతు తగ్గించింది. "అమ్మకు ఏం తెలుస్తోంది చెప్పండి. అవునన్నా కాదన్నా ఒకటే తల ఊపడం. తెలిసి వద్దంటే నేను బలవంతం చేస్తానా?"

గొట్టం పాపం కాదు. మా ఆశ్రమంలోనే దానితో రెండేళ్ళుగా హాయిగా ఉన్న పెద్దాయన ఒకరు ఉన్నారు. కానీ అక్కయ్య వద్దన్నది. ఆ వద్దనడం మనిషి అన్న మాటగా లెక్కకు వస్తుందా రాదా అన్నదే ప్రశ్న. ఆ రోజు బరువు ముప్పైఎనిమిది.

*

భోజనాల హాలులో కిటికీ పక్క బల్ల మింగడం కష్టమైన నలుగురిది. వాళ్ళకు అన్నీ గుజ్జుగానే వడ్డిస్తారు. దానికి చిక్కటి బల్ల అని పేరు పెట్టినది ఒక రిటైర్డు బస్సు కండక్టరు. చేతులు వణికే జబ్బు ఆయన గొంతు దాకా పాకింది.

"ఈ నీళ్ళకు గ్లాసెందుకండీ మాస్టారూ, ఒక చాకు ఇప్పించండి, ముక్కలు కోసుకు తాగుతా," అనేవాడు, చెంచాతో నీళ్ళు ఎత్తి చూపుతూ.

"నోట్లో ముద్ద పెట్టుకుని జోకులెయ్యకు. నిన్ను దింపే స్టాపు నాకు తెలుసు," అనేది ఆయా. నలుగురికీ తినిపించేది ఆవిడ ఒక్కతే. తొందరపడితే గండం, తొందరపడకపోతే రెండో బంతి వాళ్ళు తలుపు దగ్గర గొణుగుతారు. "నాకున్నవి రెండు చేతులు మాస్టారూ. ఈ బల్లకు నాలుగు నోళ్ళు. మీ అక్కయ్యగారిని మీరు చూసుకుంటే మీకు దండం పెడతా."

అలా చెంచా నా చేతికి వచ్చింది.

మొదటి రెండు వారాలు నరకం. అక్కయ్య పెదవులు బిగించేది. పెదవి విడిచినా ముద్ద బుగ్గలో దాచేది. "మింగు అక్కయ్యా" అంటే నా వైపు చూసేది, తప్పుచేసిన శిష్యుణ్ణి చూసినట్టు. సోమవారం సోమవారం కుర్చీ త్రాసు మీద కూర్చోబెట్టేవారు. ముప్పైఏడున్నర. ముప్పైఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు. మా మేనకోడలు ఫోను అవతల ఆ అంకె విని ఏమీ అనేది కాదు. అనకపోవడమే నాకు భయం.

ఒక ఉదయం విసుగు అణచుకోవడానికి నేను లోలోపల చదువుకునే స్తోత్రపద్యం తెలియకుండానే పెదవులపైకి వచ్చింది. పాదం సగంలో విరుపు దగ్గర ఆగాను. అక్కయ్య గొంతు లేచి దిగింది. పాదం చివర ఆగాను. మళ్ళీ లేచి దిగింది, రెండోసారి. మా నాన్నగారు నాకు పద్యం చెప్పిన రోజుల్లో గడప అవతల కూర్చుని నాకంటే ముందే కంఠస్థం చేసిన మనిషి ఆమె. లెక్కపెట్టి చెప్తే వినని గొంతు లయకు లొంగింది.

ఆనాటి నుంచి అదే మా పద్ధతి. సగం పాదానికి చెంచా, విరుపుకు ఒక మింగుడు, పాదాంతానికి రెండోది. నాలుగు పాదాలకు నాలుగు చెంచాలు. ఏడు పద్యాలకు గిన్నె ఖాళీ. ఆ సోమవారం ముప్పైఏడు. పై సోమవారం ముప్పైఏడున్నర. తరువాత ముప్పైఎనిమిది. కండక్టరు కూడా నా విరుపులకే మింగడం మొదలుపెట్టి, పాదం పూర్తికాగానే బల్ల మీద వేలితో తట్టి "రైట్" అనేవాడు. ఆయా పక్క బల్లల వాళ్ళను పిలిచి చూపించేది. రెండో బంతి వాళ్ళు గొణగడం మానేసి వినడానికే ముందు వచ్చి నిలబడేవారు.

దాచడమెందుకు, నాకు పొంగు వచ్చింది. భగవంతుణ్ణి స్తుతించడానికి పుట్టిన పద్యాన్ని నలుగురి ముందు గారడీ చేస్తున్నానని తోచలేదు. పైపెచ్చు, ఆయనే నా చేత చేయిస్తున్నాడని అనుకున్నాను.

ఒకరోజు థెరపిస్టు హాలు మూలన నిలబడి భోజనమంతా చూసింది.

"చాలా బాగుంది తాతగారూ. కానీ ఒక సంగతి గమనించారా? మీరు ఆగినప్పుడు ఆవిడ పెదాలు కదులుతున్నాయి. మిగతా సగం అందుకోబోతున్నారు."

"వచ్చిన పద్యం కదమ్మా. కదులుతాయి."

"అదే నా భయం. విరుపు దగ్గర మరీ ఎక్కువసేపు ఆగకండి. ఆవిడ మాట కోసం ఎదురుచూస్తున్నట్టు ఆగకండి."

సరేనన్నాను. నేను ఆ పెదవుల కదలిక ఎప్పుడో గమనించాను. గమనించి సంతోషించాను.

*

అక్కయ్య బరువు ముప్పైఎనిమిది దాటిన వారం మా మేనకోడలు మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చింది. దుకాణం మూసి, ఏమీ తినకుండా, ఎండలో వచ్చింది. తల్లి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బరువు పెరిగింది, సంతోషం మామయ్యా. కానీ వచ్చేవారం డాక్టరుకు ఏదో ఒకటి చెప్పాలి. మళ్ళీ వానల్లో జలుబు చేస్తే? ముందే వేయించేస్తే నిశ్చింత అంటున్నారు. నేనూ అదే అనుకుంటున్నా."

"మీ అమ్మను అడుగు."

"అడిగితే చెప్తుందా?" అన్నది. ఆ మాటలో వెటకారం లేదు. అలసట ఉంది.

అక్కయ్య కూతురి వైపు ఒకసారి చూసి నా వైపు తిరిగింది.

నేను చెంచా నింపాను. రోజూ చదివే పద్యాలు మొదలుపెట్టలేదు. మా నాన్నగారు ఒక కరువు ఏట వాన కోసం దేవుణ్ణి వేడుకుంటూ అల్లిన పద్యం ఎత్తుకున్నాను. అది అచ్చుకెక్కలేదు, కాగితం మీదా లేదు. లోకంలో అది వచ్చినవాళ్ళం ఇద్దరమే. మొదటి మూడు పాదాలకు మూడు చెంచాలు సవ్యంగా దిగాయి. నాలుగో పాదం సగం చదివి చెంచా నోట్లో పెట్టి, విరుపు దగ్గర ఆగాను.

ఆగే ఉన్నాను.

"మర్చిపోయారా మామయ్యా?" అన్నది మా మేనకోడలు.

అక్కయ్య పెదవులు విడివడ్డాయి. మిగిలిన సగం అందుకుంది. మూడు మాటలు వచ్చాయి, గంట కొట్టినట్టు. ఆ వేసవిలో ఆమె నోట అంత స్పష్టమైన మాట వినలేదు. మా మేనకోడలి ముఖం వెలిగింది. "అమ్మా!" అన్నది.

నాలుగో మాట రాలేదు.

దగ్గు కూడా రాలేదు. అక్కయ్య ఎడమచెయ్యి బల్ల అంచును పట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. పెదవులు నీలమయ్యాయి. కండక్టరు గ్లాసుతో బల్లను దబదబ బాదుతూ నర్సును పిలవసాగాడు. ఆయా కుర్చీ తోసుకుని వచ్చి, అక్కయ్యను ముందుకు వంచి, భుజాల మధ్య అరచేత్తో కొట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో దెబ్బకు ముద్ద బయటపడింది. తరువాత వచ్చిన శ్వాస శబ్దం, తడి గుడ్డ చించినట్టు, నేటికీ నా చెవుల్లో ఉంది.

నా చేతిలో చెంచా అలాగే ఉంది.

సాయంత్రానికి జ్వరం. మర్నాటికి నెమ్ము. పన్నెండు రోజులు ఆసుపత్రిలో, ముక్కులోంచి గొట్టం.

*

అక్కయ్యను తిరిగి తీసుకువచ్చిన రోజు ఆశ్రమం ఆఫీసు గదిలో ముగ్గురం కూర్చున్నాం. బల్ల మీద ఆ కాగితం. మా మేనకోడలి చేతిలో కలం.

థెరపిస్టు తల గోక్కుంది. "మళ్ళీ పరీక్ష చేశాను. గొంతు కదలిక మునుపటిలాగే ఉంది. బలం తగ్గలేదు. మరి ఆ రోజు ఎందుకు తప్పిందో తెలియడం లేదు. కారణం తెలియకుండా మళ్ళీ నోటికి పెట్టమని నేను చెప్పలేను. పొట్టకు గొట్టం వేస్తేనే మంచిదేమో."

"కారణం ఏముందండీ," అన్నది మా మేనకోడలు. "మామయ్య పద్యం మర్చిపోయారు, అమ్మ అందించబోయింది. పెద్దవాళ్ళు, మర్చిపోతారు. ఎవరినీ తప్పు పట్టను. కానీ ఇంకోసారి జరగనివ్వను." కాగితాన్ని తన వైపు తిప్పుకుంది.

పన్నెండు రోజులుగా ఆ అబద్ధం నన్ను కాపాడింది. నేను చెప్పలేదు, ఆమే అనుకుంది, నేను కాదనలేదు. మతిమరుపు అన్న గొడుగు కింద ముసలివాడు నిర్భయంగా నిలబడవచ్చు. పూజకు కూర్చుంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

"నేను మరచిపోలేదు," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"కావాలనే ఆగాను. అందుకుంటుందని తెలుసు. నువ్వు వినాలని."

థెరపిస్టు మెల్లగా అడిగింది. "చెంచా నోట్లో పెట్టాక ఆగారా? పెట్టకముందా?"

"పెట్టాక."

"ఎంతసేపు?"

"ఆమె నోరు తెరిచేదాకా."

థెరపిస్టు తన పుస్తకంలో ఏదో రాసుకుంది. "అయితే ఇది గొంతు తప్పు కాదు," అన్నది, నా వైపు చూడకుండా. "మౌనంగా తినిపిస్తే నాలుగు వారాలు ప్రయత్నించవచ్చు. డాక్టరు గారితో నేను మాట్లాడతాను."

మా మేనకోడలు కలానికి మూత పెట్టింది. కాగితం మడిచి సంచీలో వేసుకుంది. లేచి నిలబడ్డాక అన్నది: "రేపటి నుంచి మీరు రెండో బంతిలో తినండి మామయ్యా. మొదటి బంతప్పుడు హాల్లోకి రావద్దు."

"అలాగేనమ్మా."

అంతకుమించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలికపడేవాణ్ణి.

ఆ సాయంత్రం అక్కయ్య గదిలోకి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నది.

"తెలుసు," అన్నది చివరకు.

"ఏం తెలుసు?"

"ఆ పద్యం... నువ్వు... మర్చిపోవడమా?" ఒక్కొక్క మాటకూ ఊపిరి కూడదీసుకుంటోంది.

"తెలిసి ఎందుకందుకున్నావు అక్కయ్యా, నోట్లో ముద్ద పెట్టుకుని?"

"అమ్మాయి... చూస్తోందిగా." కాసేపటికి ఒక కన్ను తెరిచింది. "నీకొక్కడికేనా... గొప్ప?"

ఆ మాటతో నా తప్పు సగమైందని గదిలోంచి బయటకు వస్తూ అనుకున్నాను. మెట్లెక్కి పైకి చేరేసరికి ఆ లెక్క నిలవలేదు. చెంచా నా చేతిలో ఉంది.

*

ఆ తరువాత రోజూ మధ్యాహ్నం మా మేనకోడలే దుకాణం మూసి వచ్చి తల్లికి తినిపించింది. ఉదయం, సాయంత్రం ఆయా. నేను పై వరండాలో కూర్చుని కింద హాలులోంచి పద్యం బదులు చెంచాల శబ్దం వినేవాణ్ణి. రెండో బంతికి దిగేసరికి చిక్కటి బల్ల తుడిచేసి ఉండేది.

"మీరు లేక సర్వీసు బోసిపోయింది మాస్టారూ," అన్నాడు కండక్టరు ఒకరోజు నడవాలో. "అయినా మీ మేనకోడలు గట్టి డ్రైవరండీ. హారన్ కొట్టదు."

మొదటి సోమవారం ముప్పైఆరు కిలోల రెండు వందలు. మా మేనకోడలు చెప్పలేదు, ఆయా చెప్పింది. ఆ వారం నాకూ ముద్ద సరిగా దిగలేదు. రెండో సోమవారం ముప్పైఆరున్నర. మూడో సోమవారం ముప్పైఏడు. ఆకాశం మబ్బు పట్టసాగింది.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం ఆయా రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. "మీ మేనకోడలు ఫోను చేశారు. దుకాణానికి తనిఖీ వాళ్ళు వచ్చారట, ఆలస్యమౌతుందట. అమ్మగారికి మిమ్మల్ని పెట్టమన్నారు." "మీ పెదవి కదిలితే చెంచా లాగేసుకోమని నాకు చెప్పారు మాస్టారూ. లాగేసుకుంటా మరి," అన్నది.

"లాగెయ్యి," అన్నాను.

అక్కయ్య ఎదురుగా కూర్చున్నాను. వీపు నిటారుగా ఉందో లేదో చూశాను. దిండు సర్దాను. సగం చెంచా. ఆమె నా నోటి వైపు చూస్తోంది. నేను పళ్ళు బిగించాను. కళ్ళతో గడ్డం వంచమన్నాను. వంచింది. మింగింది. రెండోసారి మింగింది. నాలుక మీద పద్యం లేచి నిలబడుతోంది. నేను మింగాను, ఆమెతో పాటు, ఏమీ లేని నోటితో. కండక్టరు కూడా ఆ రోజు బల్ల తట్టలేదు. రెండో చెంచా. మూడోది. ఏడో చెంచా దగ్గర ఆమె పెదవి వణికింది. ఆయా చెయ్యి ముందుకు వచ్చింది. అక్కయ్య తల అడ్డంగా ఊపింది, ఆయాకు కాదు, తనకు తానే. పెదవి మూతపడింది. ముద్ద దిగింది.

పద్నాలుగో చెంచా నింపుతుండగా మా మేనకోడలు తలుపు దగ్గర కనబడింది. చెమటతో తడిసి ఉంది. నేను కుర్చీ ఖాళీ చేద్దామని లేవబోయాను.

ఆమె చేత్తోనే కూర్చోమన్నది. తల్లి గొంతు వంకా నా నోటి వంకా కాసేపు చూసింది. తరువాత పక్క బల్ల దగ్గర కుర్చీ లాక్కుని, సంచీలోంచి తన భోజనం డబ్బా తీసి మూత విప్పింది. ఆ వేసవిలో ఆమె అక్కడ కూర్చుని తినడం అదే మొదటిసారి.

అక్కయ్య కూతురు తినడం చూస్తూ నోరు తెరిచింది. నేను చెంచా అందించాను.